జీతంలో పన్ను కోత లేదు, మరి చేతిలో మిగిలేదెంత? గ్రాండ్ కేమన్‌కు వెళ్లాలనుకుంటున్న నర్సుకు జవాబు

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఏడేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నెలకు 40 వేలు వస్తోంది. కరేబియన్ సముద్రంలో ఉన్న కేమన్ దీవుల్లోని గ్రాండ్ కేమన్‌లో ఒక క్లినిక్ నుంచి నెలకు 3,200 డాలర్ల జీతంతో ఆఫర్ వచ్చింది. నవంబర్ మొదటి వారంలో చేరమన్నారు. అక్కడ ఆదాయపు పన్ను లేదట. మన డబ్బులో మూడు లక్షల ముప్పై వేలకు పైనే అంటున్నారు. మావారు బి.కాం. చదివి ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. బాబుకు అయిదేళ్లు. ఇంటి లోన్ ఈఎంఐ 42 వేలు ఉంది. నెలకు లక్షన్నర ఇంటికి పంపగలనా? ముగ్గురం కలిసే వెళ్లాలా, ముందు నేనొక్కదాన్నే వెళ్లాలా? వర్క్ పర్మిట్ ఫీజు కింద జీతంలోంచి నెలనెలా కొంత పట్టుకుంటారని, తనకు విడిగా రెండున్నర లక్షలు ఇవ్వాలని ఏజెంట్ అంటున్నాడు. ఇది మామూలేనా?
– ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈ జీతం మీద ముగ్గురూ కలిసి వెళ్లకండి. మీరొక్కరే వెళితే లాభమే. కానీ ఇంటికి పంపగలిగేది లక్షన్నర కాదు, లక్షా పది, పదిహేను వేల దగ్గర ఆగుతుంది. చేరిన తొలి నెలల్లో అదీ పూర్తిగా మీది కాదు, కారణం కింద చెబుతాం. ఏజెంట్ అడిగినది మాత్రం మామూలు కాదు.

అన్నిటికంటే ముందు ఆఫర్ లెటర్ తీసి చూడండి. 3,200 పక్కన ఏ డాలరని రాసి ఉంది? కేమన్ దీవులకు సొంత డాలరు ఉంది. అక్కడివాళ్లు దాన్ని 'సీఐ' అంటారు. అధికారిక లెక్కలో ఒక కేమన్ డాలరుకు 1.20 అమెరికన్ డాలర్లు. ఈ రేటు దశాబ్దాలుగా మారలేదు. అమెరికన్ డాలరు 88 రూపాయలనుకుంటే కేమన్ డాలరు 105 రూపాయల చిల్లర, 3,200 అంటే మీరు చెప్పిన మూడు లక్షల ముప్పై వేలు. లెటర్‌లో ఉన్నది అమెరికన్ డాలర్లయితే మాత్రం అది కేమన్ డాలర్లలో 2,667 మాత్రమే. అప్పుడు కింది లెక్కలో మీ జీతం నుంచి నెలకు 530 కేమన్ డాలర్లు ఎగిరిపోతాయి, మీకు మిగిలే డబ్బు దాదాపు సగమవుతుంది. ద్వీపంలో అద్దెలు కొన్ని అమెరికన్ డాలర్లలో, కొన్ని కేమన్ డాలర్లలో చెబుతారు. దుకాణాల్లో రెండూ తీసుకుంటారు, కానీ కౌంటర్ దగ్గర అమెరికన్ డాలరును 80 సెంట్లకే లెక్కకడతారు. బ్యాంకులో అమెరికన్ డాలర్లు కొనాలంటే ఒక్కోదానికి 84 సెంట్లు పెట్టాలి. ఇంటికి డబ్బు పంపినప్పుడల్లా ఆ తేడా మీరే భరిస్తారు. కింద 'డాలరు' అన్న ప్రతిచోటా కేమన్ డాలరనే చదువుకోండి.

ఇక ఏజెంట్ సంగతి. కేమన్ చట్టం ప్రకారం వర్క్ పర్మిట్ ఫీజు యజమాని కట్టాలి. దాన్ని ఉద్యోగి జీతంలోంచి రాబట్టుకోవడం చట్టవిరుద్ధం. పర్మిట్లు ఇచ్చే ప్రభుత్వ విభాగాన్ని అక్కడ 'వోర్క్' అని పొట్టిపేరుతో పిలుస్తారు. ఏజెంట్ మాట నమ్మకుండా క్లినిక్ హెచ్‌ఆర్‌కు మీరే నేరుగా ఈ-మెయిల్ పెట్టి, 'పర్మిట్ ఫీజు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఫీజు, విమాన టికెట్ ఎవరు పెట్టుకుంటారు? జీతంలో కోతలు ఏమేమిటి?' అని అడగండి. జవాబు రాతలో రావాలి. క్లినిక్‌కు ఆ కోత సంగతే తెలియకపోతే, నెలనెలా డబ్బు కోరుకుంటున్నది ఏజెంటేనని తేలిపోతుంది. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అతని లైసెన్స్ నంబరు అడిగి, విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. నంబరు చెప్పడానికి నసిగితే అతన్ని వదిలేయండి. క్లినిక్‌తో నేరుగా మాట్లాడుకోవడానికి మీకు ఏ ఏజెంటూ అవసరం లేదు. రెండున్నర లక్షలు ఇవ్వడానికి అప్పు చేయాల్సి వస్తే, ఆ అప్పు తీరేవరకు మొదటి రెండు మూడు నెలల మిగులు అంతా దానికే పోతుందమ్మా.

మీరొక్కరే ఉంటే నెల ఎలా గడుస్తుందో చూద్దాం. ఇవి ప్రణాళికకు పట్టుకోదగ్గ అంకెలు, ఇంటినిబట్టి, అలవాట్లనుబట్టి అటూఇటూ అవుతాయి.

3,200లో రెండు కోతలుంటాయి. ఒకటి పెన్షన్: జీతంలో 5 శాతం, అంటే 160 డాలర్లు. యజమాని కూడా అంతే కలుపుతారు. విదేశీ ఉద్యోగులకు ఇది తొమ్మిది నెలల సర్వీసు తర్వాత మొదలవుతుంది. ఒకప్పుడు ద్వీపం వదిలి వెళ్లినవారు ఆ డబ్బు నగదుగా తీసుకోగలిగేవారు. నిబంధనలు మారాయి కాబట్టి, దాన్ని ఊరు చేరగానే చేతికొచ్చే డబ్బుగా లెక్కలో వేసుకోకండి. రెండోది ఆరోగ్య బీమా. అక్కడ ఇది తప్పనిసరి, యజమానే ఏర్పాటు చేయాలి. ప్రాథమిక పాలసీలో మీ ప్రీమియంలో సగం వరకు మీ జీతంలోంచి తీసుకోవచ్చు. దానికి వంద డాలర్లు అనుకుందాం. చేతికి 2,940 వస్తుంది.

ఇంటి అద్దె దగ్గరే అంతా తేలుతుంది. రాజధాని జార్జ్‌టౌన్, సెవెన్ మైల్ బీచ్ చుట్టుపక్కల ఒక పడకగది అపార్ట్‌మెంట్‌కు 1,800 నుంచి 2,500 వరకు అడుగుతారు. ఒంటరిగా వెళ్లే నర్సులు, హోటల్ సిబ్బంది చాలామంది ఇల్లు పంచుకుంటారు. వంటిల్లు ఉమ్మడిగా, సొంత గది ఉన్నదానికి 800 నుంచి 1,100 పెట్టాలి. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అందులోనే కలిసి ఉన్న గది వెతకండి. 950 అనుకుందాం. దూరంగా బోడెన్ టౌన్ వైపో, తూర్పు చివర ఈస్ట్ ఎండ్ వైపో వెళితే అద్దె తగ్గుతుంది. కానీ మీవి షిఫ్టులు. బస్సులంటే అక్కడ పదిహేను మంది పట్టే మినీ బస్సులు. జార్జ్‌టౌన్‌లో గ్రంథాలయం పక్కనున్న స్టాండు నుంచి అన్ని వైపులా వెళతాయి. మనిషికి రెండు మూడు డాలర్లు తీసుకుంటారు. పగలు చేయెత్తితే ఆపుతారు, చీకటి పడ్డాక బాగా తగ్గిపోతాయి. రాత్రి ఏడుకో ఎనిమిదికో డ్యూటీ దిగి ఈస్ట్ ఎండ్ దాకా టాక్సీ కట్టించుకుంటే, ఆ ఒక్క రాత్రి ఖర్చుకు పది రోజుల బస్సు ఛార్జీ సరిపోదు. అందుకని గది చూసేటప్పుడు అద్దెకు ముందు డ్యూటీ దిగే వేళ గుర్తుచేసుకోండి. క్లినిక్‌కు నడిచిపోగల దూరంలో నూరు డాలర్లు ఎక్కువైనా అదే చవక. తూర్పు నుంచి జార్జ్‌టౌన్‌కు ఒకే ముఖ్య దారి కావడంతో పొద్దున్నే ట్రాఫిక్ కూడా ఎక్కువే.

ఈస్ట్ ఎండ్ గురించి ఇంకో మాట. అక్కడే డాక్టర్ దేవి శెట్టి స్థాపించిన హెల్త్ సిటీ ఆసుపత్రి ఉంది. 2014లో తెరిచారు. దానివల్ల మన దేశపు నర్సులు, డాక్టర్లు ఆ దీవికి కొత్త కాదు. ఏ వీధిలో గది దొరుకుతుంది, ఏ ఇంటివాళ్లు డిపాజిట్ తిరిగిస్తారు, బియ్యం ఏ దుకాణంలో చవక అనేవి వాళ్లను అడిగితే ముందే తెలిసిపోతాయి.

తిండికి నెలకు 380. ఇది పొదుపుగా, ఇంట్లో వండుకునేవాళ్ల లెక్క. పూటపూటా బయట తింటే రెట్టింపైనా చాలదు. ద్వీపంలో సరుకులు ఎందుకింత ఖరీదంటే, దాదాపు ప్రతిదీ ఓడల్లో ఫ్లోరిడా నుంచి వస్తుంది. ఎక్కువ వస్తువుల మీద దిగుమతి సుంకం 22 శాతం. కొన్ని ప్రాథమిక ఆహార పదార్థాలకు మినహాయింపులున్నా మిగతావాటికి తప్పదు. ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను, అమ్మకపు పన్ను లేని చోట ప్రభుత్వం నడవాలంటే డబ్బు సుంకాల నుంచీ పర్మిట్ ఫీజుల నుంచే రావాలి. మీ జీతపు స్లిప్పులో కనిపించని పన్ను పాలప్యాకెట్టు ధరలో కనిపిస్తుంది.

పెద్ద సూపర్‌మార్కెట్లు ఫాస్టర్స్, హర్లీస్, కర్క్ మార్కెట్. ఎక్కువ పరిమాణంలో కొనుక్కునేందుకు కాస్ట్-యు-లెస్ ఉంది. ఇల్లు పంచుకునే నలుగురు కలిసి బియ్యం, నూనె, కోడిమాంసం అక్కడ కొని పంచుకుంటే తేడా తెలుస్తుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు చట్టప్రకారం మూసి ఉంటాయి. శనివారం డ్యూటీలో ఉండి ఆదివారం సెలవు దొరికినవాళ్లు పెట్రోలు బంకుల దుకాణాల్లో అదే పాలకు, అదే గుడ్లకు ఎక్కువ పెడుతుంటారు. శుక్రవారమే కొనేసుకోండి. శనివారం ఉదయం ఖాళీ ఉంటే లోయర్ వ్యాలీలోని వ్యవసాయ ప్రాంగణంలో రైతుల సంత జరుగుతుంది. అరటికాయ, గుమ్మడి, చిలగడదుంప, బెండ, కర్రపెండలం, కాలంలో మామిడి దొరుకుతాయి.

మన వంటకు కావలసినవి అక్కడివాళ్లు వేరే పేర్లతో తింటారు. 'గంగో పీస్' అని డబ్బాల్లోనో ఎండువిగానో అమ్మేవి కందులే. పొట్టు తీసి పప్పు చేసుకోలేరుగానీ నానబెట్టి కూర వండుకోవచ్చు. క్రిస్మస్ రోజుల్లో 'సోరెల్' పేరుతో ఎర్రటి పానీయం కాస్తారు. అది ఎర్ర గోంగూర పువ్వు కిందుండే పుల్లటి కండ భాగమే. పెరట్లో సోరెల్ మొక్క ఉన్న పొరుగింటివాళ్లను లేతాకు అడిగి చూడండి. వాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది కాయే, ఆకు ఇవ్వడానికి అభ్యంతరం ఉండదు. మిరపకాయ 'స్కాచ్ బానెట్' మన పచ్చిమిర్చి లెక్కన వేస్తే కూర నోట పెట్టలేరు. గుంటూరు కారం తిన్నవాళ్లు కూడా మొదట పావు కాయతోనే మొదలుపెట్టాలి.

సామాన్లలో మన మిక్సీ పెట్టుకోకండి. ద్వీపంలో కరెంటు అమెరికాలో లాగే 120 వోల్టులు, 60 సైకిళ్లు. ప్లగ్గులు కూడా అమెరికావే. ఇక్కడి 230 వోల్టుల రైస్ కుక్కర్ అక్కడ పెడితే అది లాగే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, బియ్యం ఉడకదు. మిక్సీ తిరుగుతుందిగానీ పప్పు నలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కుంటామంటారు కొందరు. 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్లది కావాలి, అది చాలా బరువుంటుంది. దానికి పెట్టే డబ్బుతో 110 వోల్టుల మిక్సీయే వస్తుంది. విదేశాలకు పంపే ఆ మోడళ్లు మన పెద్ద ఊళ్ల దుకాణాల్లో అడిగితే తెప్పిస్తారు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు ప్లగ్గు మార్చుకుంటే చాలు. పొయ్యిలు చాలా ఇళ్లలో కరెంటువే, పైన అద్దపు పలక ఉంటుంది. గుండ్రటి అడుగు బాండీ దానిమీద వేడెక్కదు. అడుగు చదునుగా ఉన్న కుక్కర్, పెనం, మూకుడు తీసుకెళ్లండి. పొడులు, ఊరగాయలు కంపెనీ సీలుతో ఉన్నవైతే మంచిది. పచ్చి కరివేపాకు, విత్తనాలు, మొక్కలు పెట్టెలో పెట్టొద్దు. దారిలో కస్టమ్స్‌లోనే తీసేస్తారు, జరిమానా పడినా పడుతుంది. పళ్లు, కళ్లద్దాలకు సంబంధించినవన్నీ ఏలూరులోనే చేయించుకుని వెళ్లండి. ప్రాథమిక బీమా పాలసీని వాటికి నమ్ముకుంటే నష్టపోతారు.

అద్దెలో కరెంటు కలవని గది తీసుకుంటే ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి. కరెంటు ఎక్కువగా డీజిల్‌తో పుట్టిస్తారు. ఇంధన ఖర్చును విడిగా బిల్లులో వేస్తారు. చమురు ధర పెరిగితే మీ బిల్లూ పెరుగుతుంది. అన్నీ కలిపి యూనిట్ 35 సెంట్ల నుంచి 40 సెంట్లు, అంటే మన 37 నుంచి 42 రూపాయలు. ఒక కిలోవాటు ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నిండుగా నడిస్తే 8 యూనిట్లు, మూడు డాలర్లు. నెలకు 90. ఒక్క పడకగదికే అది. నీళ్లు కూడా సముద్రపు నీటిని శుద్ధిచేసి ఇచ్చేవే, చవకేమీ కాదు.

మిగతావి చకచకా: బస్సుకు వంద, ఫోనుకు 40, బయట తిండికి 120, మందులు, బట్టలు, తుపానుకు కావలసినవి కలిపి వంద. సంవత్సరానికి ఒకసారి ఊరికి వచ్చివెళ్లే టికెట్ కోసం నెలకు 150 పక్కన పెట్టాలి. గది, తిండితో కలిపి 1,840 అవుతుంది. 2,940లో తీసేస్తే 1,100 మిగులుతుంది. 84 సెంట్ల రేటున 1,309 అమెరికన్ డాలర్లు, దాదాపు లక్షా 15 వేల రూపాయలు. బ్యాంకులు మధ్యలో తీసుకునేవి పోగా లక్షా 12 వేలు. ఈఎంఐ కట్టాక 70 వేలు ఇంటి ఖర్చుకు, పొదుపుకు. వారానికి 45 గంటలు దాటిన పనికి అక్కడ ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలి. అది నెలకు పదిహేను గంటలు దొరికితే లక్షన్నర దగ్గరికి వెళ్లవచ్చు. ఓవర్‌టైమ్‌ను లెక్కలో ముందే వేసుకుని అప్పులు చేయకండి.

తుపాను అన్నాం కదా. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపానుల కాలం. 2004 సెప్టెంబర్‌లో ఐవాన్ వచ్చి గ్రాండ్ కేమన్‌ను అతలాకుతలం చేసింది. గది తీసుకునేముందు షట్టర్లు ఎవరు బిగిస్తారు, ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే అద్దె సంగతేమిటి అని ఒప్పందంలో చదవండి. వారానికి సరిపడా తాగునీళ్లు, డబ్బా తిండి, టార్చి, బ్యాటరీలు, సర్టిఫికెట్లకు నీళ్లు దిగని సంచి జూన్‌కు ముందే కొనుక్కోవాలి. హెచ్చరిక వచ్చాక దుకాణాల్లో మొదట ఖాళీ అయ్యేవి అవే.

ఇక ముగ్గురి లెక్క. మీపై ఆధారపడిన భర్తకు, బాబుకు బీమా తప్పనిసరి. వాళ్ల ప్రీమియం మొత్తం మీ జీతంలోంచే పట్టవచ్చు. నెలకు 350 అనుకుంటే చేతికి 2,590 వస్తుంది. జార్జ్‌టౌన్‌కు కాస్త దూరంగా ముగ్గురు సర్దుకునే ఇల్లు 2,000. కరెంటు 280, నీళ్లు 90, ఇంటర్నెట్ 90, ఫోన్లు 80, తిండి 850. పిల్లవాడితో బస్సుల మీద నడవదు కాబట్టి పాత జపాన్ కారు, దానికి పెట్రోలు, బీమా, మరమ్మతులు కలిపి నెలకు 300. మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీవో దగ్గర తీసుకుని వెళ్లాలి. అసలు బరువు బడి. ప్రభుత్వ బడులు ప్రధానంగా స్థానికుల పిల్లలకే. విదేశీ ఉద్యోగుల పిల్లలు ప్రైవేటు బడులకు వెళ్లాల్సి వస్తుంది. ఫీజులు బడినిబట్టి ఏడాదికి పది వేల డాలర్ల చుట్టుపక్కల మొదలై ఇరవై వేలు దాటుతాయి. తక్కువలో తక్కువ నెలకు 900 వేద్దాం. చిల్లర ఖర్చులు 200, ముగ్గురి టికెట్ల కోసం 400. మొత్తం 5,190. మీ చేతికొచ్చే 2,590తో పోలిస్తే 2,600 తక్కువ. ఒక్క రూపాయి కూడా ఏలూరుకు పంపకుండానే ఈ లోటు.

మీవారు అక్కడ ఉద్యోగం చేస్తే లోటు పూడుతుంది. కానీ డిపెండెంట్‌గా వచ్చినవారు పని చేయకూడదు. ఆయనకు వేరే యజమాని, వేరే పర్మిట్ కావాలి. ఆ యజమాని ముందు ఉద్యోగాన్ని స్థానికులకు ప్రకటించి, తగినవాళ్లు దొరకలేదని చూపించాలి. గ్రాండ్ కేమన్ ఆర్థిక సంస్థల ఊరు కాబట్టి అకౌంట్స్ ఉద్యోగాలకు కొరత లేదు. కానీ అక్కడ అడిగేది సీఏ, ఏసీసీఏ (బ్రిటన్ సంస్థ ఇచ్చే అకౌంటెన్సీ అర్హత) లాంటివి. బి.కాం. మాత్రమే ఉన్నవారికి ఫండ్ అకౌంటింగ్‌లో, అంటే పెట్టుబడి నిధుల లెక్కలు చూడడంలో అనుభవం లేకపోతే పర్మిట్ తేవడం కష్టం. ఆయన ఇప్పటి ఉద్యోగం మానేసి మీతో రావడం సరికాదు. ఏసీసీఏ పేపర్లు మొదలుపెట్టి, ఇక్కడినుంచే దరఖాస్తులు పంపుతూ ఉంటే ఏడాదిన్నరకో రెండేళ్లకో ఈ లెక్క మళ్లీ వేసుకోవచ్చు. ఆయనకు నెలకు చేతికి కనీసం ఆ 2,600, దానిపైన ఈఎంఐకి సరిపడా డబ్బు వచ్చే ఆఫర్ ఉంటేనే కుటుంబాన్ని మార్చండి. పర్మిట్‌లో డిపెండెంట్లను చేర్చుకోవాలంటే మీ జీతం వాళ్లను పోషించడానికి సరిపోతుందా అని అధికారులు చూస్తారు. ఒక్కొక్కరికీ విడిగా ఫీజు ఉంటుంది.

మొదట్లో ఆపిన కారణం ఇదీ. అక్కడ పన్ను లేకపోయినా, ఈ ఆర్థిక సంవత్సరానికి మన దేశంలో పన్ను పడే అవకాశం ఉంది. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లేవారు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు లేదా అంతకు మించి ఉంటే, ఆ ఏడాదికి వాళ్లు 'రెసిడెంట్' కిందికే వస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ చివరిదాకా ఇక్కడే ఉంటే 214 రోజులు. నవంబర్ నుంచి మార్చి వరకు కేమన్‌లో తీసుకునే అయిదు జీతాలు, అంటే దాదాపు 16.8 లక్షలు, మీ ఇక్కడి ఏడు నెలల జీతంతో కలిపి భారత్‌లో చూపించాలి. 2025-26 కొత్త విధానం శ్లాబుల ప్రకారం, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్సుతో సహా లక్షా 84 వేల దాకా అవుతుంది. నెలకు 37 వేలు. చాలామంది ఇది తెలియక ఇంటికి పంపిన డబ్బంతా ఖర్చుచేసి, మరుసటి జులైలో రిటర్ను వేసేటప్పుడు వడ్డీతో కట్టారు. అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు డిసెంబర్ 15, మార్చి 15. మీకు పెన్షన్ కోత మొదలవని నెలలివి. ఆ 160 డాలర్లూ పక్కన పెడితే దాదాపు సగం పన్ను అక్కడే సమకూరుతుంది. క్లినిక్ ఒప్పుకుంటే చేరే తేదీని ఏప్రిల్‌కు జరపమని అడగండి, ఈ పన్ను పడదు. ఒప్పుకోకపోతే ఆఫర్ పోగొట్టుకునేంత గట్టిగా అడగొద్దు. ఏప్రిల్ నుంచి మీరు ఎన్నారై అవుతారు, అక్కడి జీతానికి ఇక్కడ పన్ను ఉండదు. దేశం వదిలాక బ్యాంకుకు చెప్పి సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ఎన్నారైల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించి, జీతం పంపడానికి ఎన్నార్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన వేసుకునేది) తెరవండి. ఈఎంఐ అందులోంచే కట్టవచ్చు.

మొదటి నెలకు చేతిలో 3,000 కేమన్ డాలర్లు, అంటే 3,600 అమెరికన్ డాలర్లు ఉండాలి. గదికి ఒక నెల అద్దె, ఒక నెల డిపాజిట్, దుప్పట్ల నుంచి గిన్నెల దాకా, ఆపైన తిండి. జీతం నెలాఖరుకుగానీ రాదు, దాన్ని వేయడానికి బ్యాంకు ఖాతా తెరవడానికే కొన్ని వారాలు పడుతుంది. అక్కడి బ్యాంకులు పాస్‌పోర్టు, ఉద్యోగ పత్రం, చిరునామా రుజువులతోపాటు మీ పాత బ్యాంకు ఇచ్చిన రెఫరెన్స్ లెటర్ అడుగుతాయి. మీ ఖాతా ఎన్నేళ్లుగా, ఎలా నడుస్తోందో తెలిపే లెటర్‌ను బ్రాంచి మేనేజర్ సంతకంతో, ఇంగ్లీషులో, రెండు కాపీలు తీసుకెళ్లండి. ఇది లేక నెలల తరబడి జీతం చెక్కు రూపంలో పట్టుకుని తిరిగేవాళ్లున్నారు. నోట్లు 3,000 అమెరికన్ డాలర్లకు మించి తీసుకెళ్లకూడదు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి.

ప్రయాణానికి మయామి మీదుగా టికెట్ కొంటే, విమానం మారడానికైనా అమెరికా వీసా కావాలి. లండన్ మీదుగా, టొరంటో మీదుగా వెళ్లినా ట్రాన్సిట్ వీసా నిబంధనలున్నాయి. కేమన్ ప్రవేశ వీసా అవసరమా, పర్మిట్ అప్రూవల్‌తోనే సరిపోతుందా అన్నది క్లినిక్‌ను రాతలో అడగండి. పాస్‌పోర్టు గడువు మూడేళ్ల కంటే తక్కువుంటే ఇక్కడే కొత్తది తీసుకోండి. అక్కడ భారత హైకమిషన్ లేదు, పాస్‌పోర్టు పనులు జమైకాలోని కింగ్‌స్టన్ హైకమిషన్ ద్వారా జరగాలి.

బాబును ఏడాదంతా చూడకుండా ఉండడం కష్టమని మాకు తెలుసు. టికెట్ కోసం పక్కన పెట్టే నెలకు 150ని మీరే ఊరికి రావడానికి వాడుకోండి. ఓవర్‌టైమ్‌తో ఇంకో రెండు టికెట్లకు సరిపడా చేరితే తండ్రీకొడుకులను అక్కడికి పిలిపించుకోవచ్చు. మన బడులకు సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి, తుపానుల కాలం జూన్‌లో. మధ్యలో మే నెల ఉంది. వాళ్ల ట్రాన్సిట్ వీసాలకు నెలలు పట్టవచ్చు. మే నెలలో రావాలంటే మీరు చేరిన వెంటనే, నవంబర్‌లోనే దరఖాస్తు చేయించండి. ఇల్లు పంచుకునే ఒప్పందంలో అతిథులు ఎన్ని రోజులు ఉండవచ్చో కూడా అప్పుడే రాయించుకోండి.